నలభై సెకన్ల సమీక్ష

నేను ఒక హెడ్‌ఫోన్ సెట్టుని. ఇప్పుడందరూ చెవుల్లో శనగగింజలంతవి దోపుకుని తిరుగుతున్నారు చూడండి, ఆ జాతి కాదు. చెవి మొత్తం కప్పేసే రకం. నెత్తి మీదుగా వంగిన పట్టీ, రెండు పక్కలా మెత్తటి దిండ్లు, మెలికల వైరు. చాలామంది పాటగాళ్ళ గుట్టు నా దగ్గరుంది. ఆ పాటల మీద అభిప్రాయాలు రాసేవాళ్ళ గుట్టు కూడా ఉంది. రెండోదే ఎక్కువ సిగ్గుచేటు.

నేను పుట్టిన ఫ్యాక్టరీలో తలకి టోపీ పెట్టుకున్న ఒక ఆడమనిషి నన్ను తగిలించుకుని, ఒక నిమిషం పాటు కళ్ళు మూసుకుని, ముందు ఎడమ పక్క, తర్వాత కుడి పక్క గంట మోగించి విన్నది. బాగుందన్నట్టు తలూపి డబ్బాలో పెట్టింది. మనుషులంతా ఇలాగే వింటారు కాబోలనుకుని సంతోషంగా బయల్దేరాను. నా అమాయకత్వం అలాంటిది.

విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో ఒక కొట్టు నుంచి నన్ను ధనంజయం అనే సౌండ్ ఇంజనీరు కొనుక్కున్నాడు. సీతమ్మధారలో ఒక ఇంటి మేడ మీద గదికి గోడల నిండా గుడ్ల అట్టలు అంటించి దాన్ని స్టూడియో అనేవాడు. అక్కడ భక్తి పాటలు, బట్టల షాపు ప్రకటనలు, ఎన్నికల పాటలు తయారయ్యేవి. ఒకే బాణీని ముగ్గురు అభ్యర్థులకి ఇచ్చాడు. ముగ్గురూ ఇలాంటి బాణీ ఇంకెవరికీ లేదని మురిసిపోయారు. ఒకరోజు ధనంజయం తన చక్రాల కుర్చీని నా వైరు మీదుగా తోసుకెళ్ళాడు. ఆ రోజుతో నా కుడి పక్క మూగబోయింది. బాగు చేయిద్దాం చేయిద్దాం అంటూ ఆర్నెల్లు గడిపి, ఆ సంగతి చెప్పకుండా నన్ను నరహరి గారికి అంటగట్టాడు.

నరహరి గారంటే సంగీత సమీక్షకుడు. ఇంటర్నెట్‌లో ప్రతి ఆదివారం కొత్త ఆల్బంల మీద రాస్తాడు. రాకు, జానపదం, కంట్రీ, ఏదొచ్చినా వదలడు. నలభై వేల మంది చదువుతారు. అందరూ చుక్కలు వేస్తే ఈయన వీణలు వేస్తాడు. ఐదు వీణలకి ఎన్ని వీణలు అన్నది లెక్క. గిటార్లు విరగ్గొట్టే కుర్రాళ్ళకి కూడా వీణలే.

ఆయన వినే పద్ధతి చెప్తాను, మీరు నమ్మరు. నా ఎడమ దిండు చెవి మీద పెట్టుకుంటాడు. కుడి దిండు చెవి వెనక్కి తోసేస్తాడు, ఎందుకంటే కుడి చెవి ఫోనుకి కావాలి. ఒక చెవితో ఆల్బం, ఒక చెవితో బామ్మర్ది. పాట నలభై సెకన్లు నడిచాక "ఆ, అర్థమైంది" అని తర్వాతి పాట నొక్కుతాడు. పది పాటల ఆల్బం ఏడు నిమిషాల్లో అయిపోతుంది. రాయడానికి మాత్రం మూడు గంటలు పడుతుంది, ఎందుకంటే వినని దాన్ని విన్నట్టు రాయడానికి చాలా మాటలు కావాలి. అందుకే నా కుడి పక్క పనిచెయ్యదన్న సంగతి ఏడాదిన్నర పాటు ఆయనకి తెలియలేదు.

సరే, పాటగాళ్ళేమన్నా తక్కువ తిన్నారా? "లావా" అని ఒక రాక్ ఆల్బం వచ్చింది. తొమ్మిది పాటలూ సమాజం మీద కోపం. అన్ని పాటల్లోనూ ఒకటే అరుపు, ఒకే చోట. అంత కోపమూ ఏసీ గదిలో కూర్చుని పడ్డదని నాకు తెలుసు, ఊపిరి మధ్యలో ఆ మిషను గుర్రుగుర్రు వినపడుతూనే ఉంది. నరహరి గారు "తరం గుండెలోని అగ్నిపర్వతం" అని రాసి నాలుగు వీణలు వేశాడు. తర్వాత "టోల్‌గేటు దాటి" అని కంట్రీ ఆల్బం. పాడినాయన యుగంధర్. అట్ట మీద పెద్ద టోపీ పెట్టుకుని గుర్రమెక్కి ఉన్నాడు. ఆర్కే బీచ్‌లో పిల్లల్ని ఎక్కించే గుర్రం అది, కింద కళ్ళెం పట్టుకున్నాయన చెయ్యి సగం పడింది. లారీ మీద ఒంటరిగా పోయే బతుకు మీద ఆరు పాటలు పాడాడు. స్కూటీ మీద గాజువాక దాటినవాడు కాదు. దానికి మూడున్నర వీణలు. "మట్టి వాసన" అని కూడా రాశాడు. కంట్రీ అంటే మట్టి వాసన, జానపదం అంటే మట్టి వాసన, ఏ ఆల్బం వర్షాకాలంలో వచ్చినా మట్టి వాసన.

ఇవన్నీ భరించాను. భరించలేనిది "ఏటొడ్డు" దగ్గర జరిగింది.

అది శ్రీకాకుళం వైపు జముకుల కథ చెప్పే అసిరమ్మా, ముగ్గురు గిటారు కుర్రాళ్ళూ కలిసి చేసిన ఆల్బం. జముకు అంటే తోలు బిగించిన చిన్న చెక్క వాయిద్యం, మధ్యలోంచి లాగిన తీగని మీటితే గుమ్ము గుమ్ముమని కడుపులోంచి పలుకుతుంది. అసిరమ్మకి యాభై ఎనిమిదేళ్ళు. ఊళ్ళో కథ చెప్పించుకునేవాళ్ళు తగ్గిపోయి ఆ జముకు నాలుగేళ్ళుగా గోడకి వేలాడుతోంది. కుర్రాళ్ళలో పెద్దవాడు హేమసుందర్ వెతుక్కుంటూ వెళ్ళి ఆమెని తీసుకొచ్చాడు. కథ చెప్పేటప్పుడు పాడేవాళ్ళు ఒక పక్క, వంత పాడేవాళ్ళు ఒక పక్క నిలబడతారు కదా, రికార్డింగు కూడా అలాగే చేశాడు. కుర్రాళ్ళు అడిగేదంతా ఎడమ పక్క. అసిరమ్మ చెప్పే జవాబూ, జముకూ మొత్తం కుడి పక్క.

నా కుడి పక్క. చచ్చిపోయిన పక్క.

ఇక చూడండి మా నరహరి గారి సమీక్ష: "ప్రశ్న అడిగి జవాబు లేకుండా మూగగా నిలబడిపోయే పాటలివి. జముకు అట్ట మీదే ఉంది. అసిరమ్మ అనే ఆవిడ ఫొటో తప్ప లోపల ఆవిడ ఊపిరి కూడా లేదు. ఒక వీణ." ఆదివారం పొద్దున్న పెట్టాడు. మధ్యాహ్నానికి ఇంకో ఇద్దరు సమీక్షకులు అదే మాట రాశారు. అందులో ఒకాయన "పాటల మధ్య ఆ మౌనమే అసలు సాహసం" అని మెచ్చుకున్నాడు కూడా! అంటే వాళ్ళూ వినలేదు, నరహరిని చదివారు. వాళ్ళ హెడ్‌ఫోన్లు బాగానే ఉండి ఉంటాయి పాపం. కింద కామెంట్లలో జనం "ముసలామె పేరు వాడుకున్న దొంగలు" అని కుర్రాళ్ళని ఆడిపోసుకున్నారు. వాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు.

అక్కడితో పోలేదు. సముద్రం ఒడ్డున జరిగే సంగీతోత్సవం కమిటీ వాళ్ళు ఆల్బంలు వినరు, సమీక్షలు చదివి పిలుస్తారు. వాళ్ళు హేమసుందర్‌కి కబురు పెట్టారు: మీ ముగ్గురూ రండి, పాటల్లో లేని ఆవిడకి వేదిక మీద చోటు లేదు. శుక్రవారం సాయంత్రం పేర్లు అచ్చుకి వెళ్ళిపోతాయి.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి నరహరి గారి గుమ్మంలో అసిరమ్మ నిలబడింది. చంకలో గుడ్డ చుట్టిన జముకు. వెనక హేమసుందర్.

"పాటల్లో నా గొంతే నేదని రాసినారట. మరి వారం దినాలు గొంతు పోయినట్టు పాడినది ఎవులు బావూ?" అంది.

నరహరి గారు తడుముకున్నాడు. "చూడండమ్మా, నేను ముప్ఫై ఏళ్ళుగా వింటున్నాను. వినపడింది రాస్తాను. కావాలంటే మీరే వినండి." నన్ను తీసి ఆమె చేతిలో పెట్టాడు.

అసిరమ్మ ఇంతకుముందు పూర్తయిన ఆల్బం విననేలేదు. ఆమెది బటన్ల ఫోను. మొదటిసారి వినబోతోంది, అదీ నాలోంచి. వద్దు తల్లీ అని అరుద్దామనుకున్నాను. నాకున్న నోరే సగం, అదీ ఎవరో పాడితేనే పలుకుతుంది. ఆమె జడ పక్కకి లాక్కుని, నన్ను రెండు చెవుల మీదా సరిగ్గా పెట్టుకుని, కళ్ళు మూసుకుంది. హేమసుందర్ గొంతు ఏటిని అడుగుతూ పాడింది: ఏరా ఏరా ఎందాక పోతావు? తర్వాత ఖాళీ. మళ్ళీ ప్రశ్న. మళ్ళీ ఖాళీ. ఆమె ఒక్క పాట కూడా దాటెయ్యలేదు. మూడో పాటకి నా రెండు దిండ్లనీ చేతులతో చెవులకేసి నొక్కుకుంది.

నన్ను తీసి బల్ల మీద పెట్టింది.

"నన్ను తీసేసినావేట్రా గుంటడా?" అంది. కోపంగా అంటే బాగుండేది. "గొంతు బాగోనేదని అప్పుడే సెప్తే ఎల్లిపోదును గదా. అత్తా అత్తా అని తిప్పినావు."

"తీయడమేంటత్తా! నీ గొంతు లేకపోతే ఆ పాటేటుంది?" హేమసుందర్‌కి ఏడుపొక్కటే తక్కువ.

"మరి ఇన్నాను గదరా నా సెవులతోటి."

వాడు గబగబా జేబులోంచి ఫోను తీసి పాట పైకే పెట్టాడు. ఫోను స్పీకరు నాసిరకానిది, చిల్లుపడ్డ డబ్బాలా ఉంటుంది, కానీ రెండు పక్కలనీ ఒకే నోట పలుకుతుంది, దేన్నీ దాచుకోలేదు. ఏరా ఏరా ఎందాక పోతావు అనగానే గుమ్ము గుమ్ముమని జముకు, దాని మీద అసిరమ్మ గొంతు: కడుపు తీపి తీరే కాడికి, ఉప్పు కలిసే కాడికి.

"ఓలమ్మ! ఇది నానే గదా!" అని ఆమె ఫోను లాక్కుంది.

నరహరి గారు నన్ను తీసుకుని కుడి దిండు మీద వేలితో కొట్టాడు. చెవికి ఆనించుకున్నాడు. మళ్ళీ కొట్టాడు. ఆ పక్క పలకదని ఆయనకి అప్పటికి తెలిసింది.

"కమిటీ వాళ్ళకి ఫోన్ చెయ్యండి సార్," అన్నాడు హేమసుందర్. "అయిదింటికి అచ్చుకి వెళ్ళిపోద్ది."

"చేస్తానయ్యా. ఏం చెప్పాలి? ఏడాదిన్నరగా ఒక పక్కే వింటున్నానని చెప్పనా? నా పరువేం కాను? వచ్చే ఆదివారం నెమ్మదిగా ఒక వివరణ..."

"నువ్వేటీ సెప్పొద్దు," అంది అసిరమ్మ. "ఫోను కలిపి ఇలాగెట్టు."

కలిపాడు. కమిటీ కార్యదర్శి హలో హలో అంటుండగానే ఆమె కింద కూర్చుని జముకు గుడ్డ విప్పింది. తీగ మీటింది. ఆ గది గోడలకి గుడ్ల అట్టలు లేవు, ధనంజయం మిషన్లు లేవు. ఆరు నిమిషాలు పాడింది. అడిగేదీ తనే, జవాబు చెప్పేదీ తనే. ఫోను అవతల హలో ఆగిపోయింది.

"నరహరి గారూ," అన్నాడు కార్యదర్శి పాట అయ్యాక. "ఎవరండీ ఆవిడ? పేరు చెప్పండి, రాసుకుంటాను."

ఆయన నోరు తెరిచేలోపు ఆమే ఫోను దగ్గరికి వంగి, ఇంటిపేరుతో సహా, ఊరితో సహా, గట్టిగా చెప్పింది.

నరహరి గారు హమ్మయ్య అనుకుని చేతులు నలుపుకున్నాడు. "అమ్మా, ఆ ఒక వీణ తీసేస్తాను. నాలుగున్నర వేస్తాను. కాదు, ఐదు!"

"నీ కాడే ఉంచుకో బావూ," అంది జముకుకి గుడ్డ చుడుతూ. "తీరికున్నప్పుడు ఒకటి వాయించడం నేర్సుకో."

ఆదివారం ఆయన వీడియో పెట్టాడు. నన్ను కెమెరా ముందు చెవి పట్టుకుని లేపి, తప్పంతా ఈ పరికరానిది అన్నాడు. మీ నిజాయితీకి జోహార్లు అని రెండు వేల మంది రాశారు. నలభై సెకన్ల సంగతి, బామ్మర్ది సంగతి నేను చెప్పలేను కదా. సోమవారం నన్ను పాత సామాన్ల బండి వాడికి ఇచ్చేశాడు.

ఇప్పుడు కంచరపాలెంలో ఒక రేకుల షెడ్డులో, పాడైన మిక్సీకీ పాత మోడెంకీ మధ్య ఉన్నాను. రేపో మాపో నా వైరు ఒలిచి రాగి తీస్తారు, అయస్కాంతం వేరు చేస్తారు. బాధేం లేదు. ఇక్కడి మనిషి ఏ వస్తువు మీదా అభిప్రాయం చెప్పడు. రెండు చేతులతో పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, కాటాలో పెడతాడు. ఎంతుంటే అంతే అంటాడు.