క్లెమ్‌కి ఉన్న బీమా

వెండెల్ డూడెక్ ట్రెడ్‌మిల్ మీద నిలబడి ఉన్నాడు. నడవడం లేదు. మిషను ఆపేసి చాలాసేపయింది. రెండు చేతులూ పక్క కడ్డీల మీద ఆనించి, సరస్సు మీద నుంచి రాబోయే మంచు గురించి టీవీలో చెబుతున్న అమ్మాయిని చూస్తున్నాడు. నాలుగు నిమిషాలు నడిస్తే ఛాతీ మీద ఎవరో బూటు కాలు మోపినట్టు ఉంటుంది. అందుకని మూడో నిమిషంలోనే ఆపేస్తాడు. ఆపాక పదిహేను నిమిషాలు అలాగే నిలబడతాడు.

అతనికి డెబ్బై మూడేళ్లు. ఆరడుగులకి పైనే ఉండే మనిషి, ఇప్పుడు మెడ దగ్గర కాస్త ముందుకి వంగాడు. ఎడమ చెవి అంచు చలికి చచ్చి రాలిపోయి ఇరవయ్యేళ్లయింది. కుడి చేతి రెండు వేళ్లు పూర్తిగా చాపుకోవు. నగరం తరఫున ముప్ఫై ఒక్క చలికాలాలు మంచు తోసే లారీ నడిపాడు. లారీ ముందుండే ఇనప పలకని ఎత్తి దించే పిడి పట్టుకుని పట్టుకుని ఆ వేళ్లు ఆ వంపుకే అలవాటు పడిపోయాయి.

డాక్టరు నడవొద్దన్నాడు. అయినా ఆదివారం తప్ప రోజూ ఏడింటికి జిమ్‌కి వస్తాడు. మూడు నిమిషాలు నడిచి, వేడినీళ్ల స్నానం చేసి, వాళ్లిచ్చే తువ్వాలు వాడుకుని వెళతాడు. జిమ్ ఉచితం. ఆరేళ్ల కిందట అతను తీసుకున్న ప్రైవేటు ఆరోగ్య బీమా ప్లానులో అదీ ఒక భాగం. దీని కోసం ఏం పోగొట్టుకున్నాడో తెలిశాక, వచ్చిన ఈ కాస్తనీ వదలకూడదని అతని పంతం.

పోగొట్టుకున్న వైనం ఇంతే. రిటైరైన నగర ఉద్యోగికి, అరవై అయిదు దాటిన అందరిలాగే, ప్రభుత్వం ఇచ్చే మెడికేర్ బీమా ఉంటుంది. అది పెట్టగా మిగిలిన ఖర్చుకి నగరం మరో బీమా ఇస్తుంది. ఈ రెండూ ఉన్నవాడు ఎవర్నీ అడక్కుండా ఏ పెద్దాసుపత్రికైనా వెళ్లొచ్చు. ఒక అక్టోబరు మధ్యాహ్నం ఓ ఏజెంటు రిటైరైన వాళ్లందర్నీ హోటల్‌కి పిలిచి పంది మాంసం, బంగాళాదుంప ముద్ద, ఆఖర్న యాపిల్ పై అనే తీపి వంటకం పెట్టించాడు. పళ్లు, కళ్లద్దాలు, జిమ్ అన్నీ ఉచితమన్నాడు. వెండెల్ సంతకం పెట్టాడు. ప్రైవేటు ప్లానులో చేరిన రోజే నగరం బీమా దానంతటదే రద్దవుతుందనీ, రద్దయిందాన్ని ఈ జన్మలో మళ్లీ ఇవ్వరనీ ఆ ఏజెంటు చెప్పలేదు. నగరం నుంచి ఉత్తరం వచ్చింది. నగరం నుంచి వచ్చే ఉత్తరాలన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి కనక వెండెల్ దాన్ని విప్పలేదు.

ఆ రోజు పక్క కుర్చీలో క్లెమ్ హాగర్టీ కూర్చున్నాడు. అతనూ మంచు లారీ మనిషే. అదే మాంసం తిన్నాడు. ఆ యాపిల్ పై రెండోసారి అడిగి మరీ వేయించుకున్నాడు. మూతి తుడుచుకుని, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, “మా ఆవిడ నోరీన్‌ని అడిగి చెబుతాలెండి” అని లేచిపోయాడు. వెండెల్ భార్య పోయి అప్పటికి నాలుగేళ్లు. ఇంటికెళ్లి అడగడానికి ఎవరూ లేరు. క్లెమ్ తిన్న ఆ రెండో పై ముక్క ఆరేళ్లుగా వెండెల్ గొంతులో అడ్డం పడే ఉంది.

క్లెమ్ మీద అతనికి కుళ్లు ఈనాటిది కాదు. క్లెమ్‌కి సరస్సు పక్క రూటు ఇచ్చారు, చదునైన రోడ్లు, క్రిస్మస్‌కి విస్కీ సీసాలు చేతిలో పెట్టే పెద్ద ఇళ్లు. వెండెల్‌కి కొండ రూటు. తుపానులో ఇరుక్కున్న అంబులెన్సుని బయటికి లాగిన క్లెమ్ బొమ్మ పేపర్లో పడింది. అదే రాత్రి వెండెల్ రెండు అంబులెన్సులకి దారి చేశాడు, ఫొటో తీసేవాడు కొండెక్కలేదు. ఇవన్నీ ఎలాగో మింగాడు. మింగలేనిది ఈ ఏడాది వచ్చింది. ఫిబ్రవరిలో క్లెమ్ గుండెలో కవాటం ఇరుకైందన్నారు. మార్చిలో వెండెల్‌కీ అదే జబ్బన్నారు. క్లెమ్ నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లి, తొడ రక్తనాళంలోంచి కొత్త కవాటం పెట్టించుకుని, మూడో రోజుకి ఇంట్లో ఉన్నాడు. మే నెలకల్లా బౌలింగ్‌కి పోయాడు. వెండెల్ ప్లానులో ఆ పెద్దాసుపత్రి లేదు. వెళ్లాలంటే ముందు అనుమతి కావాలి. ఒకసారి కాదన్నారు. మళ్లీ అర్జీ పెట్టుకున్నాడు. ఇప్పుడు డిసెంబరు.

ఇంటికొచ్చి, ఓట్స్ జావ పొయ్యి మీద పెట్టి, ప్లాను వాళ్లకి ఫోను చేశాడు. ఆగమని చెప్పి పాట వినిపించారు. జావ ఉడికింది, చల్లారింది, తిన్నాడు, గిన్నె కడిగాడు. ఇరవై రెండో నిమిషంలో ఒకమ్మాయి పలికింది.

“మీ ఫైలు పరిశీలనలో ఉంది సార్.”

“ఏప్రిల్ నుంచీ పరిశీలిస్తూనే ఉన్నారు తల్లీ. కనబడ్డం లేదా నా గుండె?”

“మీ ఇబ్బంది అర్థమైంది సార్. ఇంకేమైనా సాయం చెయ్యగలనా?”

“ఇంకేమీ వద్దు” అని పెట్టేశాడు. ఆ అమ్మాయి మీద కోపం రాలేదు. కోపమంతా క్లెమ్ మీదే వచ్చింది.

పదకొండింటికి ఆ క్లెమే వచ్చాడు. పొట్టి మనిషి, గులాబి రంగు బుగ్గలు, డెబ్బై నాలుగేళ్లకీ ఒత్తుగా ఉన్న తెల్ల జుట్టు. మూడు మెట్లూ గబగబా ఎక్కేసి, రొప్పకుండా మాట్లాడాడు.

“తలుపు బార్లా తీసి కూర్చున్నావేంట్రా, సరస్సు మీది చలంతా లోపలికొచ్చేస్తుంది.”

“నువ్వొస్తావని తెలిస్తే గడియ పెట్టేవాణ్ణి.”

క్లెమ్ నవ్వి కూర్చున్నాడు. రిటైరైన వాళ్ల సంఘానికి అతనే అధ్యక్షుడు. అందులో ఉన్న పదకొండు వందల మందినీ కొత్త సంవత్సరం నుంచి ఒక ప్రైవేటు ప్లానులోకి మార్చేద్దామని నగరం చూస్తోంది. ఇవాళ మూడింటికి కౌన్సిల్ ఓటు. ఎవరైనా వెళ్లి రెండు నిమిషాలు మాట్లాడొచ్చు.

“నువ్వు రావాలి వెండెల్.”

“నాకేం పనక్కడ? నాది ఆరేళ్ల కిందే పోయింది. మీది పోతే మీరేడవండి.”

“మేం ఏం చెప్పినా, లేనిపోనివి ఊహించుకుని భయపడుతున్నారంటున్నారు. నీకు జరిగింది ఊహ కాదుగా.”

“అంటే నన్ను బోనులో పెట్టి చూపిస్తావన్నమాట. రండి, చూడండి, తిండి పెట్టగానే సంతకం పెట్టిన వెర్రివెధవ వీడే అని.”

“నేనా మాట అన్లేదురా.” క్లెమ్ టోపీ చేతుల్లో తిప్పుతూ కూర్చున్నాడు. “ఇంకెవరూ లేరు నాకు చెప్పడానికి. అందుకొచ్చాను.”

వెండెల్ కిటికీలోంచి బయటికి చూశాడు. అప్పుడే ఆ ఆలోచన తట్టింది. వెళ్లి, ప్రైవేటు ప్లాను బ్రహ్మాండంగా ఉందని చెబితే? ఇన్నేళ్లుగా అనుభవిస్తున్నవాడి మాట నమ్మక చస్తారా? అందరికీ తన గతే పడుతుంది. రేపు క్లెమ్ కూడా ఫోను పట్టుకుని ఆ పాట వింటాడు. ఆ ఊహకి ఎన్నాళ్లుగానో లేని హాయి కలిగింది. ఆ హాయికి సిగ్గు కూడా వేసింది గానీ, ఎక్కువసేపు కాదు.

“సరే, వస్తా” అన్నాడు. క్లెమ్ సంతోషంగా అతని భుజం తట్టాడు.

సిటీ హాలుకి ఇరవై రాతి మెట్లు. వెండెల్ పన్నెండో మెట్టు మీద ఆగిపోయాడు. క్లెమ్ పైకి చేరుకుని, తిరిగి చూడకుండా, తలుపు పక్కన అంటించిన నోటీసులేవో చదువుతున్నట్టు నిలబడ్డాడు. మొహమాట పెట్టకుండా ఎదురుచూడటం కూడా వచ్చు వీడికి, అనుకున్నాడు వెండెల్. ఆ మంచితనం మీద కూడా కుళ్లే కలిగింది.

వెండెల్ తన పాత ఉద్యోగపు నారింజ రంగు కోటు విప్పి వరండా చివర కొక్కేనికి తగిలించాడు. హాలు లోపల కిటకిటలాడుతోంది. నగరం తరఫు సలహాదారు తెర మీద బొమ్మలు చూపిస్తూ, ఖర్చు తగ్గుతుంది, సౌకర్యాలు పెరుగుతాయి అన్నాడు. ఒక బొమ్మలో ఎవరో ముసలాయన ట్రెడ్‌మిల్ మీద పళ్లన్నీ కనపడేలా నవ్వుతున్నాడు. తర్వాత క్లెమ్ మాట్లాడాడు. బాగా మాట్లాడాడు. చప్పట్లు కొట్టారు. ముందు వరసలో నోరీన్ అతని కోటు ఒళ్లో పెట్టుకుని మొగుణ్ణే చూస్తోంది. చూసేవాళ్లు కూడా ఉన్నారు వీడికి, అనుకున్నాడు వెండెల్. తన పేరు పిలిచాక మైకు దగ్గరికి వెళ్లాడు.

“వెండెల్ డూడెక్. మంచు లారీ. కొండ రూటు.” గొంతు సర్దుకున్నాడు. “నాకు ఆరేళ్లుగా ప్రైవేటు ప్లానే. బాగుంటుంది. జిమ్ ఇస్తారు. రోజూ వెళ్తాను.”

హాల్లో కుర్చీలు కదిలిన చప్పుడయింది. క్లెమ్ తల దించుకున్నాడు. కౌన్సిల్ అధ్యక్షురాలు కళ్లద్దాల మీద నుంచి చూసి, “సంతోషం మిస్టర్ డూడెక్. ఏం చేస్తారు జిమ్‌లో?” అంది. ఊరికే మర్యాదకి అడిగింది.

“నిలబడతానండి.”

ఎవరో కిసుక్కుమన్నారు. వెండెల్ చెవులు వేడెక్కాయి.

“డాక్టరు నడవొద్దన్నాడు. గుండె కవాటం ఇరుకు. నవ్వేవాళ్లు వీణ్ణి అడగండి, వీడికీ అదే జబ్బు.” వంకర వేలితో క్లెమ్‌ని చూపించాడు. “వీడికి ఇరవై రోజుల్లో పనైపోయింది. నాకు తొమ్మిది నెలలైంది. వీడు ఎవర్నీ అడగలేదు, తిన్నగా వెళ్లి బల్ల మీద పడుకున్నాడు. నేను అడుగుతూనే ఉన్నా. పొద్దున్న కూడా అడిగా, పాట పెట్టారు. ఇద్దరం ఒకే లారీలు నడిపాం, మంచు కరగాలని రోడ్డు మీద చల్లిన ఆ ఉప్పే ఇద్దరం మింగాం. వీడు మెట్లెక్కి పైన నిలబడతాడు. నేను మధ్యలో ఆగి గోడ పట్టుకుంటా. ఎందుకండీ వీడికి మాత్రం ఆ బీమా? నేను వీడికి సాయం చెయ్యడానికి రాలేదు ఇక్కడికి. వీడిది తీసెయ్యమని చెప్పడానికొచ్చా. తీసెయ్యండి. నాకు చేసినట్టే చెయ్యండి. అప్పుడు తెలుస్తుంది వీడికి.”

ఎవరూ నవ్వలేదు. సలహాదారు తన కాగితాలు చూసుకుంటున్నాడు. ప్లాను బాగుందని చెప్పడానికి వచ్చిన మాటలు ఎక్కడ తోవ తప్పాయో వెండెల్‌కి అంతు పట్టలేదు. అందరి ముందూ మనసులో కుళ్లంతా కక్కేశానన్నది మాత్రం అర్థమైంది. అద్దెకి తెచ్చుకున్నవాడిలా క్లెమ్ పనే చేసిపెట్టాననీ అర్థమైంది. మొహం ఎర్రబడింది. ఎవరివైపూ చూడకుండా బయటికి నడిచి, వరండాలో బెంచీ మీద కూలబడ్డాడు.

ఛాతీ మీద ఆ బూటు కాలు మళ్లీ పడింది. కాసేపటికి సర్దుకుంటుందిలే అని వెనక్కి ఆనుకున్నాడు. కాసేపయింది. తలుపు వెనక పెద్దగా చప్పట్లు వినిపించాయి. మళ్లీ వాడికే, అనుకున్నాడు వెండెల్. కళ్లు మూసుకున్నాడు.

ఆ చప్పట్లు క్లెమ్‌కి కాదు. అయిదుగురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపు ఓటేశారు. పాత బీమా నిలిచింది. మార్చేద్దామనే అనుకుని వచ్చాననీ, ఇందాకటి పెద్దాయన మాట విన్నాక చెయ్యి రాలేదనీ అధ్యక్షురాలే పైకి చెప్పి, ఆయన ఎక్కడున్నారని అడిగింది. జనం వెనక్కి తిరిగి వెతుకుతూ చప్పట్లు కొట్టారు.

క్లెమ్ అందరికంటే ముందు వరండాలోకి వచ్చాడు. వెండెల్ గడ్డం గుండెకి ఆనించి కూర్చుని ఉన్నాడు. ఇటు చూడటం ఇష్టం లేదేమో అనుకుని క్లెమ్ పక్కనే కూర్చున్నాడు.

“గెలిచాం రా. నీవల్లే.” జవాబు రాకపోయేసరికి నేల చూస్తూ మాట్లాడాడు. “నువ్వన్నదానికి నేనేమీ అనుకోను. ఆ రోజు హోటల్లో నువ్వు పెన్ను అడిగినప్పుడే చెప్పాల్సింది, ఆగరా, ఒక రోజు ఆగి చూద్దాం అని. నోటి నిండా పై పెట్టుకుని ఉన్నా. అది మింగేసరికి నువ్వు సంతకం పెట్టేశావ్. చాలాసార్లు చెబుదామనుకున్నా నీకు.”

అప్పుడు క్లెమ్ అతని చెయ్యి మీద తన చెయ్యి వేశాడు. వంగి ఉండే ఆ రెండు వేళ్లూ మెత్తగా చాపుకున్నాయి. ఇక పిలిచి లాభం లేదని తెలిసి క్లెమ్ ఎవర్నీ పిలవలేదు. నోరీన్ వచ్చి చూసేదాకా ఆ చెయ్యి అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

అంబులెన్సులో క్లెమ్ కూడా ఎక్కాడు. జనం గుంపులుగా, నెమ్మదిగా మాట్లాడుకుంటూ వెళ్లిపోయారు. నాలుగున్నరకే చీకటి పడింది, మంచు మొదలైంది, నగరం లారీలు బయల్దేరాయి. కాపలా మనిషి హాల్లో దీపాలార్పి తాళం వేసుకున్నాడు. వరండా చివర ఖాళీ కొక్కేల వరసలో, రోడ్ల విభాగం వాళ్లకిచ్చే నారింజ రంగు కోటు ఒక్కటే వేలాడుతోంది, బయట లారీ దీపాలు మలుపు తిరిగినప్పుడల్లా కోటు వీపు మీది వెండి పట్టీలు తళుక్కుమని మళ్లీ చీకట్లో కలిసిపోతున్నాయి.