విచారణాధికారికి వచ్చిన జబ్బు

విచారణ గదిలో కుర్చీ మీద వేరే మనిషి ఉండటం చూసి వకీలమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. నిన్న అక్కడ కూర్చున్నది మిరపకాయ. ఆ ముసలి వకీలును కోర్టులో అందరూ అలాగే పిలుస్తారు, ఆయన వినకుండా. ఇవాళ మెత్తటి నవ్వుతో ఒక నడివయసాయన ఉన్నాడు. వకీళ్ల సంఘం అధ్యక్షుడి దగ్గర పని నేర్చుకున్నవాడు.

ఆమె మీద ఫిర్యాదు పెట్టింది ఆ అధ్యక్షుడే, తన కక్షిదారుణ్ణి లాక్కుందని. ఆమె చేసింది ఒక్కటే. కోర్టు వరండాలో దిక్కులు చూస్తున్న ఒక పెద్దమనిషికి, ఆయన కేసును ఆయన వకీలైన ఈ అధ్యక్షుడే చెప్పకుండా వెనక్కి తీసుకున్నాడని చెప్పింది. తప్పని తేలితే ఆమె వకీలు పట్టా పోతుంది. ఇక నల్లకోటు వేసుకునే పని ఉండదు.

విచారణ మొదలుకాకముందు ఒక విచారణాధికారిని కారణం చెప్పకుండా వద్దనే హక్కు ఆమెకుంది. మొన్న మిరపకాయను విచారణకు వేశారని తెలిసి అన్న మొత్తుకున్నాడు.

"వద్దని చెప్పవే తల్లీ! ఆయన నిన్ను కోర్టులో నిలబెట్టి కడిగేసింది మర్చిపోయావా?"

"నన్నొక్కదాన్నేనా అన్నయ్యా, అందర్నీ కడుగుతాడు. ఉండనీ."

నిన్న అదే జరిగింది. మిరపకాయ ముందు ఆమెను కడిగి, తర్వాత అధ్యక్షుడి వైపు తిరిగాడు. "ఇంతకీ ఆ కేసు ఎందుకు వెనక్కి తీసుకున్నావోయ్?" అన్నాడు. అధ్యక్షుడు రేపు చెప్తానని వాయిదా అడిగాడు. తెల్లారేసరికి కుర్చీలో మనిషి మారాడు.

"పెద్దాయనకి ఒంట్లో బాగోలేదండి," అన్నాడు మెత్తటాయన. "కూర్చోండమ్మా. ఒక్క క్షమాపణ చెప్పేయండి, మందలించి వదిలేస్తాను."

ఒప్పుకోమన్నట్టు, వెంట వచ్చిన అన్న ఆమె మోచెయ్యి గిల్లాడు.

"చెప్పను," అంది ఆమె. "మీరు నాకొద్దు. నా హక్కు వాడుకుంటున్నా."

"అది మొదలవకముందమ్మా. విచారణ నిన్ననే మొదలైపోయింది."

"అయితే మొదలుపెట్టినాయనే ముగించాలి. మధ్యలో మార్చాలంటే ఆయన పోవాలి, లేదా మంచానపడాలి, లేదా తనే తప్పుకోవాలి. ఏం జబ్బండీ ఆయనకి?"

"నేనూ అదే కనుక్కుందామని వచ్చా," అంది వెనక నుంచి ఒక గొంతు.

మిరపకాయ. మెట్లెక్కి వచ్చినా ఆయాసం లేదు.

"పొద్దున్నే ఇద్దరు పళ్లు పట్టుకుని పరామర్శకి వచ్చారు. నాకేమైందో ఊరందరికీ తెలుసు, నాకే తెలీదు. రాయవోయ్, నా ముందే రాయి, ఏం రోగమో."

మెత్తటాయన కలం మూత తీసి కాగితం మీద ఆనించాడు. తర్వాత దానికి మూత పెట్టి లేచాడు. "ఇది నావల్ల కాదండీ. వేరే ఎవరినైనా చూసుకోమని చెప్తాను," అని తలవంచుకుని వెళ్లిపోయాడు.

అన్న మొహం చాటంతైంది.

"ఏమిటయ్యా ఆ ఇకిలింపు?" అన్నాడు మిరపకాయ, కుర్చీలో కూర్చుంటూ. "నీ చెల్లెలు తప్పు చెయ్యలేదని నేనన్నానా?" ఆమె వైపు తిరిగాడు. "నిన్న నువ్విచ్చిన జవాబు నాకు నచ్చలేదు. మళ్లీ చెప్పు. సరిగ్గా లేకపోతే పట్టా పీకేస్తా."

"పీకితే పీకండి. తన కేసు పోయిన సంగతి తెలీక ఇంకెవరు ఆ వరండాలో నిలబడ్డా మళ్లీ చెప్తాను. ఇదే నా జవాబు."

నిన్న ఇదే మాట ఆమె నసుగుతూ చెప్పింది. ఇవాళ నసగలేదు.

మిరపకాయ కళ్లజోడు పెట్టుకున్నాడు. "అధ్యక్షుణ్ణి లోపలికి రమ్మనండి. నిన్నటి ప్రశ్నకి ఆయన నాకు జవాబు బాకీ ఉన్నాడు," అన్నాడు.