ఒకే కప్పు కింద

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కిమిలిలి ఊళ్ళో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. అందుకే మా లాడ్జిలో దుప్పట్లు శుభ్రంగా ఉంటాయి, తాగి వచ్చినవాడు గుమ్మం దాటడు. మా ఆయన పోయాక లాడ్జి నా చేతికొచ్చింది. కౌంటరు మా మరిది సితాతి చూస్తాడు. కోర్టులో గుమస్తాగా చేసి రిటైరైన మనిషి. చట్టం అన్న మాట చెవిన పడితే ముందున్న మొక్కజొన్న ఉగాలి ముద్ద చల్లారిపోతున్నా పట్టించుకోడు.

ఇదివరకు మా కౌంటరు మీద పెద్ద రిజిస్టరు ఎప్పుడూ తెరిచే ఉండేది. దిగేవాళ్ళు అందులో పేరు, గుర్తింపు కార్డు నంబరు, ఫోను నంబరు, ఎక్కణ్ణుంచి వస్తున్నదీ రాయాలి. ఎవరైనా సరే, రాసే ముందు పై వరుసలన్నీ తీరిగ్గా చదువుకునేవారు. ఫలానావాడు కూడా ఇక్కడే దిగాడని తెలిస్తే వెళ్ళి తలుపు తట్టేవారు. ఊళ్ళోవాళ్ళు సైతం టీ వంకతో వచ్చి చదివి పోయేవారు. నాకు అందులో తప్పేమీ కనిపించేది కాదు. చివరికి ఎవడో వెధవ ఆ నంబర్లు ఎత్తుకుపోయి, లాడ్జి నుంచి మాట్లాడుతున్నానని మా అతిథుల దగ్గర డబ్బు గుంజాడు. ఒక టీచరమ్మ వచ్చి నన్ను నలుగురిలో కడిగి పారేసింది. తిట్టడమే గాని తిట్లు తినడం అలవాటు లేని దాన్ని. ఆ సాయంత్రమే రిజిస్టరు సొరుగులోకి పోయింది.

తర్వాత సితాతి బుంగోమా పట్నం వెళ్ళి కొత్త చట్టం మీద శిక్షణ తీసుకుని వచ్చాడు. మనిషి వివరాలు మనిషి సొత్తు అట. ఇక నుంచి ఎవరి కార్డు వాళ్ళు నింపాలి, అవి ఇనప్పెట్టెలో పడాలి, తాళం వెయ్యాలి. ఎవరు దిగారన్నది పెళ్ళాం వచ్చి అడిగినా, పాస్టరు వచ్చి అడిగినా చెప్పకూడదు, ఆ మనిషి ఒప్పుకుంటే తప్ప. మొదట్లో గొణిగాను గాని, తర్వాత వాణ్ణి మించిపోయాను. మా చర్చి పెద్ద ఒకాయన తన బావమరిది గురించి ఆరా తీస్తే వాకిట్లోంచే పంపేశాను. ఆ గర్వం చాలా రోజులు నా మొహం మీద కనిపించింది.

వానాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం లుస్వేటి అనే డ్రైవరు వచ్చాడు. ఎరువుల బస్తాల లారీ ఎల్డొరెట్ నుంచి తెచ్చాడు. నెమ్మదైన కుర్రాడు, బూట్లు బయటే విప్పాడు. మూడో గది ఇచ్చాం. కార్డు నింపి, వసారాలో బల్ల మీద కాసేపు కునుకు తీసి, లారీ సంతవైపు పెట్టుకుని భోజనానికి వెళ్ళాడు.

సాయంత్రం చర్చి ఆడవాళ్ళ సభకు వచ్చిన ఒక పెద్దావిడ గది కావాలని వచ్చింది. పేరు నఖుమిచా. సభ వాళ్ళు చూపించిన బసలో చోటు చాలలేదట. నాలుగో గది ఇచ్చాను. ఆవిడా కార్డు నింపింది, టీ తాగుతూ నాతో కబుర్లలో పడింది. ఒక్కతే కూతురు. పెళ్ళయి ఇన్నేళ్ళకి కడుపు పండింది, ఈ నెలలోనే పురుడు. ఆ పిల్ల నీళ్ళాడేదాకా తనకి తిండి సయించదు అంటూ ఫోనులో పెళ్ళి ఫోటో తీసి చూపించింది. కూతురి పక్కన సూటు వేసుకుని నవ్వుతున్నవాడు మా మూడో గది లుస్వేటి.

ఫోటో బాగుందని ఫోను తిరిగిచ్చేశాను. మా బుకుసు తెగవాళ్ళలో అత్తా అల్లుడూ ఎదురుపడరు. దారిలో దూరాన కనిపిస్తే ఒకళ్ళు పొదల్లోకి తప్పుకుంటారు. ఒకే కప్పు కింద రాత్రి గడిపారంటే రెండు కుటుంబాల పెద్దలూ కూర్చోవాలి, మేక తెగాలి, అప్పటికీ ఆ సిగ్గు పోదు. పైగా ఇక్కడ కూతురు నిండు నెలల మనిషి. ఏ చిన్న తేడా వచ్చినా ఈ ముసలామె ఆ రాత్రినే తలుచుకుని చచ్చేదాకా కుమిలిపోతుంది. పాత రిజిస్టరే ఉండి ఉంటే ఆవిడ పై వరుస చదివి, గొడుగు పుచ్చుకుని వెనక్కి తిరిగేది. దొంగలకి భయపడి పుస్తకం మూశాం. అది ఇన్నాళ్ళూ ఇలాంటివాళ్ళకి కాపలా కూడా కాసిందని మాకు తట్టలేదు.

సితాతిని వంటింట్లోకి లాగి చెప్పాను. వాడి మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్ళకి వాడి చదువుకి తగ్గ చిక్కు దొరికింది మరి.

"ఆవిడకి చెప్పకూడదు వదినా. అతనికీ చెప్పకూడదు. అతను ఒప్పుకుంటే మాత్రం ఆవిడకి చెప్పొచ్చు."

"అయితే పోయి అడుగు."

వెళ్ళాడు. లుస్వేటి హోటల్లో మాంసం ముందు కూర్చుని ఉన్నాడట. మీరు మా దగ్గర దిగారని ఒకరికి చెప్పవచ్చా అని మా వాడు అడిగాడు. ఎవరికి అన్నాడతను. అది చెప్పకూడదన్నాడు మా వాడు. ఎందుకు అన్నాడు. అదీ చెప్పకూడదన్నాడు. కంపెనీ వాళ్ళెవరో తన మీద నిఘా పెట్టారనుకున్నాడు పాపం, ఎవ్వరికీ చెప్పొద్దని గట్టిగా అన్నాడు. సితాతి ఘనకార్యం చేసినవాడిలా తిరిగొచ్చి, అతను ఒప్పుకోలేదు కాబట్టి ఇక దీని గురించి మాట్లాడేదేం లేదని తేల్చేశాడు. వాణ్ణి పొయ్యిలో కట్టెతో కొట్టాలనిపించింది.

ఇక నేనే రంగంలోకి దిగాను. నా ఇల్లు పెరటి అవతల ఉంది, దాని కప్పు వేరు. నఖుమిచా దగ్గరికి వెళ్ళి, చర్చి తల్లి లాడ్జిలో పడుకోవడం నాకు బాగాలేదు, మా ఇంట్లో నా మంచం మీద పడుకోమన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. గది తనకి నచ్చింది, తలుపుకి గడియ ఉంది, పరాయి ఇంట్లో గురక పెట్టాలంటే తనకి సిగ్గు. నేను మళ్ళీ అడిగాను. మూడోసారి అడిగేసరికి ఆవిడ మొహం మాడిపోయింది.

"ఏం చెల్లీ, నా దగ్గర కంపు కొడుతోందా? గది ఇచ్చి గెంటేస్తున్నావు."

"అయ్యో, అదేం మాట అక్కా."

"మరెందుకో చెప్పు."

 నోటిదాకా వచ్చిన మాట మింగడం నాకు పుట్టుకతో రాని విద్య. ఆ పూట మాత్రం మింగాను. తల వంచుకుని, పైకి ఒకసారి కప్పు వైపు చూసి, మళ్ళీ తల వంచుకున్నాను. ఆవిడా కప్పు వైపు చూసింది. ఒక్కతే కూతురున్న తల్లికి తప్పుకోవాల్సిన మగవాళ్ళు లోకంలో ఎందరుంటారు?  ఆవిడ తలగుడ్డ కళ్ళ మీదికి లాక్కుంది, సంచీ భుజానికి తగిలించుకుంది.

"ఎటునుంచి నడవను?" అంది మెల్లిగా.

పెరటి దారిన తీసుకెళ్ళాను. దారి పొడుగునా నా చెయ్యి పట్టుకునే ఉంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. నాకు ఏడుపొచ్చింది, ఎందుకో తెలియదు.

తిరిగి వచ్చేసరికి సితాతి నిలదీశాడు. నేనేం చెప్పలేదన్నాను. కప్పు వైపు చూశావా అన్నాడు. నా లాడ్జి కప్పు కారుతుందేమోనని చూసుకున్నానన్నాను. వాడు శిక్షణలో ఇచ్చిన కాగితాలు తిరగేసి, చూపుల గురించి చట్టంలో ఏమీ లేదని ఒప్పుకున్నాడు. నా మంచం ఆవిడకిచ్చాను గనక నాలుగో గదిలో నేను పడుకోవాలి. అందుకు నా చేత కూడా కార్డు నింపించాడు. నా లాడ్జిలో నేనే అతిథినయ్యాను.

తెల్లవారాక లుస్వేటి తాళం ఇవ్వడానికి వచ్చాడు. మెడ ఒక పక్కకి పట్టేసింది, చొక్కా మీద ఎరువు బస్తాల దుమ్ము. మూడో గది తలుపు తీసి చూస్తే పరుపు మీద దుప్పటి మడత చెదరలేదు. భోజనం చేసి వస్తూ గుమ్మంలోంచి అత్తగారిని చూసి ఉంటాడు. అటునుంచి అటే వెళ్ళి లారీలో ముడుచుకు పడుకున్నాడన్నమాట. ఆవిడ ఇటు, అతను అటు, మధ్యలో ఖాళీ లాడ్జిలో నేనొక్కదాన్ని.

"పడక ఎలా ఉంది బాబూ?"

"చాలా బాగుంది అమ్మా," అన్నాడు మెడ తిప్పలేక. తర్వాత కౌంటరు మీద ఒక సంచీ పెట్టాడు. చక్కెర, టీ పొడి, బ్రెడ్డు. "ఇక్కడ పెద్దవాళ్ళెవరైనా ఉంటే ఇవ్వండి. నాకెవరూ తెలీదు." పెరటి వైపు వీపు పెట్టి నిలబడే అన్నాడు. లారీ వెళ్ళిన చప్పుడు దూరమయ్యాకే నేను సంచీ పట్టుకుని ఇంట్లోకి వెళ్ళాను.

నఖుమిచా సంతవైపు లారీలు కనిపించే కిటికీ మూసి, సంచీలోకి చూసింది. ఎవరిచ్చారని అడగలేదు. చక్కెర పొట్లం ఒళ్ళో పెట్టుకుని, బిడ్డ తల నిమిరినట్టు నిమురుతూ కూర్చుంది.

వెళ్ళేటప్పుడు సితాతి తన కాగితం తీశాడు. చట్టం ప్రకారం అడగాలి: ఆవిడ ఫోను నంబరు మేం దాచుకోవడం ఇష్టమా, తీసెయ్యాలా?

"ఉంచుకో బాబూ," అంది. "ఇంకోసారి వచ్చేముందు నేనే ఫోను చేసి గది అడుగుతాను. ఆ రోజు ఆ పిల్లవాడు ఇక్కడుంటే గదులు లేవని చెప్పు. ఎందుకు లేవని నేను అడగను. రాత్రంతా లారీలో పడుకున్నాడు, వాడి మెడ ఎలా ఉంది?"

సితాతి నోరు తెరిచి నా వైపు చూశాడు. నేను చెప్పాను.

"పట్టేసింది అక్కా."