రెండో ఆసనం

నిచ్చెన మీంచి పడ్డప్పుడు భుజానికి కట్టిన కట్టు విప్పాక కూడా పెయింటరు కుడిచెయ్యి పైకి లేవలేదు. గోడలకు రంగులేసేవాడికి చెయ్యే లేవకపోతే ఇంకేముంది? మంచం పట్టుకుని కూర్చున్నాడు.

"ఇంతకుమించి రాదు" అని డాక్టరు చెప్పేశాడు. యోగా నేర్పే బామ్మర్దికి ఆ మాట మింగుడు పడలేదు. మర్నాడు పొద్దున్నే వచ్చి బావ దుప్పటి లాగేశాడు.

"లే బావా. సూర్య నమస్కారాలు మొదలెడదాం."

"సూర్యుడు నాకేం చేశాడని నమస్కారం పెట్టమంటావురా?"

"పెడితే చేస్తాడేమో. ముందు లే."

వంటగదిలోంచి పెయింటరు భార్య ఫక్కున నవ్వింది. అతను పడ్డాక ఆమె నవ్వడం అదే మొదలు. అది విని కాబోలు, అతను లేచాడు.

వరండాలో చాప పరిచారు. చేతులు జోడించడం దాకా బాగానే ఉండేది. రెండో ఆసనంలో చేతులు తలపైకి ఎత్తి వెనక్కి వంగాలి. ఎడమచెయ్యి నిటారుగా వెళ్లేది. కుడిది భుజం ఎత్తులోనే వణుకుతూ ఆగిపోయేది. "ఊపిరి పీల్చు బావా, ఇంకొంచెం" అంటూ బామ్మర్ది మోచేతి కింద తన అరచెయ్యి ఆనించేవాడు. అప్పుడు లేచేది. నడుము సాగింది, పొట్ట తగ్గింది. "పెళ్లికొడుకులా తయారయ్యావు, అక్క జాగ్రత్తగా ఉండాలి" అనేవాడు బామ్మర్ది. ఆసరాతో లేచే చెయ్యిని చూసి చూసి, అది దానంతటదే లేస్తోందని ముగ్గురూ నమ్మేశారు.

చలి తగ్గాక పెయింటరు ఉతికిన చొక్కా వేసుకుని, బామ్మర్దిని వెంటబెట్టుకుని, పని అడగడానికి మేస్త్రీ దగ్గరికి వెళ్లాడు. మేస్త్రీ నిచ్చెన చూపించాడు. పెయింటరు చకచకా ఎక్కాడు. ఎడమచేత్తో నిచ్చెన పట్టుకుని, బ్రష్షు రంగులో ముంచి ఎత్తాడు. చెయ్యి భుజం దాకా వెళ్లి ఆగింది. రంగు మోచేతి మీదుగా చొక్కాలోకి కారింది. కింద బామ్మర్ది అరచెయ్యి తెలియకుండానే పైకి లేచింది. బావ మోచెయ్యి అందనంత ఎత్తున ఉంది.

"దిగన్నా" అన్నాడు మేస్త్రీ మెల్లగా. "కింది గోడల పనుంటే పిలుస్తాలే."

పిలవడని అక్కడున్న ముగ్గురికీ తెలుసు.

మర్నాడు బామ్మర్ది వచ్చేసరికి పెయింటరు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"బావా..."

"నీ మీద కోపం లేదురా. చెయ్యి పోయిందని అప్పుడే మనసుకు సర్దిచెప్పుకున్నాను. నువ్వొచ్చి మళ్లీ ఆశ పెట్టావు. నిన్న రెండోసారి పోయింది. మూడోసారి నా వల్ల కాదు. ఇక రాకు."

అక్క గుమ్మం దాకా వచ్చింది. "నువ్వు చెప్పావని నేనూ నమ్మాన్రా తమ్ముడూ" అంది. తిట్టినా బాగుండేది అనుకున్నాడతను.

మేస్త్రీ పిలవలేదు. పెయింటరు మళ్లీ చాప మీద నిలబడలేదు. బావ రావద్దన్న ఆ ఉదయం బామ్మర్ది మాత్రం చెప్పులేసుకుని తన యోగా క్లాసుకు వెళ్లాడు. అక్కడ జనం అతని కోసం చూస్తున్నారు.