నూకరత్నం చేతిలో నేను

నన్ను మొదటిసారి చూసినవాళ్లు చాలామంది టీ ఫ్లాస్కు అనుకుంటారు. నేను షేకర్ని. మద్యమూ పళ్లరసాలూ ఐసు ముక్కలూ కడుపులో పోసుకుని, మనుషులు ఊపినంతసేపూ ఊగే స్టీలు పాత్రని. ఉత్తరాదిన ఒక కార్ఖానాలో పెరుగు గిన్నెల పక్కన పుట్టాను. అవి ఇళ్లకు వెళ్లాయి. నేను విశాఖపట్నంలో సముద్రపు ఒడ్డున ఉన్న ఒక హోటల్ బారుకు వచ్చాను.

అక్కడ ఆల్బర్ట్ గారు పద్దెనిమిదేళ్లు నన్ను ఊపారు. మణికట్టు నొప్పి ముదిరి, డాక్టరు ఇక చాలన్నాక, ఆయన చోటికి మనిషిని వెతకడం మొదలైంది. టైలు కట్టుకుని వచ్చినవాళ్లు సీసాల పేర్లు గడగడా చెప్పారు. నన్ను మాత్రం గాలిలోకి ఎగరేసి కింద పడేశారు. నా నడుము మీది సొట్ట ఆ రోజుదే.

ఆ వారమే, ఉతికిన తువ్వాళ్లు ఇవ్వడానికి వచ్చిన నూకరత్నం ఆ పని తను నేర్చుకోవచ్చా అని అడిగింది. హోటల్ లాండ్రీలో ఇస్త్రీ చేసే మనిషి. నలభై రెండేళ్లు. మద్యం రుచి ఎరగదు. ఎందుకమ్మా అని ఆల్బర్ట్ గారు అడిగారు.

"ఇరవై ఏళ్లుగా మనుసుల బట్టలే చూస్తన్నానండి. ఆళ్ల మొకాలు కూడా చూడాలనుంది."

మేనేజరు నవ్వి నెల రోజులు గడువిచ్చాడు. కుదరకపోతే మళ్లీ ఇస్త్రీ బల్లే.

మొదటి ఉదయమే ఆమె మూత సరిగా బిగించలేదు. నారింజరసమంతా ఆల్బర్ట్ గారి చొక్కా మీద పడింది. ఆయన కోప్పడేలోపే ఆ మరక ఎలా పోతుందో ఆమె వివరించడం మొదలుపెట్టింది. తర్వాత ఆయన ఒక్కొక్క సీసా మూత తీసి వాసన చూపించారు. ఆ విద్యలో ఆమె వారంలోనే ఆయన్ని మించిపోయింది. వాసన పట్టి ఏ కోటు ఏ గదిదో చెప్పగలిగిన ముక్కు అది.

గడువు ముగిసే రోజు మధ్యాహ్నం, ఓడల మీద పనిచేసి రిటైరైనవాళ్ల విందు మా బారులో. మేనేజరు తలుపు దగ్గర నిలబడ్డాడు. ముందుగా వచ్చిన జగ్గారావు గారనే పెద్దాయన ఏదో కాక్‌టెయిల్ పేరు చెప్పారు. నాలో ఇంకా ఐసు పడనేలేదు, నన్ను పట్టుకున్న వేళ్లు మాత్రం చల్లబడిపోయాయి. నేర్చుకున్నదంతా ఆమె మరిచిపోయిందని నాకు అర్థమైంది.

ఆమె కాసేపు ఆయన ముఖంలోకే చూసింది. "అదెలా కలపాలో మరిసిపోనానండి. నాకిదే మొదటి విందు. మీకు పులుపిష్టమో తీపిష్టమో సెప్పండి, మంచిది కలిపిస్తాను."

మేనేజరు ఒక అడుగు ముందుకేశాడు. పెద్దాయన చెయ్యెత్తి అతన్ని ఆపి, పులుపే ఇష్టం కానీ ఇంట్లో తిననివ్వరని చెప్పారు.

నిమ్మరసం, అల్లం, కాస్త బెల్లం పాకం, రమ్ము. ఇన్నేళ్లూ బరువైన ఇస్త్రీపెట్టెను తోసిన భుజాలు నన్ను ఊపాయి. అంత హాయిగా నేనెన్నడూ ఊగలేదు. ఆయన ఒక గుటక వేసి, వెళ్లి, ముగ్గురు స్నేహితుల్ని వెంటపెట్టుకొచ్చారు. వాళ్లు తమ ఇష్టాలు చెప్పారు, ఆ తర్వాత తాము నడిపిన ఓడల కబుర్లూ చెప్పారు. సాయంత్రానికి వరస చివర మేనేజరు నిలబడ్డాడు.

"నాకు కొంచెం తీపి," అన్నాడు.

ఇప్పుడు బారులో కొత్త షేకర్లున్నాయి. నేను అద్దాల బీరువాలో విశ్రాంతిగా ఉంటున్నాను. ఆదివారాలు ఆల్బర్ట్ గారు వచ్చినప్పుడు మాత్రం నూకరత్నం నన్ను దించుతుంది. పద్దెనిమిదేళ్లలో ఎన్నడూ కూర్చోని వైపున, బల్లకు అవతల తాగేవాళ్ల కుర్చీలో ఆయన కూర్చుంటారు. ఎలా ఉందని ఆమె అడగదు. బాగుందని ఆయనా అనరు. ఖాళీ గ్లాసు మళ్లీ ముందుకు జరుపుతారు.