పంచదార లేని టీ

మూడు రకాల మాత్రలు మింగుతున్నా సన్యాసిరాజు బీపీ నూట ఎనభై నుంచి దిగలేదు. పైగా రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పడిపోయింది.

అతను పోర్టులో క్రేన్ ఆపరేటరు. నెల రోజుల్లో బీపీ అదుపులోకి రాకపోతే ఇక క్యాబిన్ ఎక్కనివ్వం అన్నారు పోర్టువాళ్లు. పద్దెనిమిదేళ్లుగా ఎక్కుతున్న క్యాబిన్.

"దొంగసాటుగా ఎండుసేపలు తింతన్నావా?" భార్య భ్రమరాంబ నిలదీసింది.

"నీ మీద ఒట్టే! ఉప్పు మొకం సూసి మూడు నెలలైంది."

డాక్టర్ నిఖిత రిపోర్టు తిరగేసింది. "మూత్రపిండాల మీద టోపీల్లా అడ్రినల్ గ్రంథులుంటాయి. వాటిలో తయారయ్యే ఆల్డోస్టెరాన్ హార్మోను ఉప్పునీ నీటినీ ఒంట్లో ఆపుతుంది, పొటాషియాన్ని బయటికి తోసేస్తుంది. అది ఎక్కువైతే బీపీ ఇలాగే మొండికేస్తుంది. నా అనుమానం దాని మీదే."

పరీక్ష చేయించారు. ఆల్డోస్టెరాన్ దాదాపు లేనే లేదు!

"అంటే ఇంకెవరో దాని పని చేస్తున్నారు," అంది నిఖిత. "బయటేం తాగుతారు?"

"గేటు కాడ మా నజీర్ టీ. రోజుకి ఎనిమిది. పంచదార ఎయ్యడమ్మా, తియ్యగా మాత్రం బలే ఉంటాది."

అనేసి, పక్కనే ఉన్న భార్యని చూసి నాలిక కరుచుకున్నాడు.

"అతిమధురం అనే తియ్యటి వేరు పొడి కలుపుతున్నాడేమో," నిఖిత నవ్వింది. "అది ఎక్కువైతే కార్టిజాల్ అనే మరో అడ్రినల్ హార్మోను ఆల్డోస్టెరాన్ చేసే పనే చేస్తుంది. ఆ టీ మానెయ్యండి, చూద్దాం."

ఆ రోజు నుంచి భర్తని నజీర్ కొట్టు వైపు తొంగిచూడనివ్వలేదు భ్రమరాంబ. మూడు వారాలకి పొటాషియం పెరిగింది, బీపీ నూట ముప్పైకి దిగింది. ఫిట్‌నెస్ కాగితం మీద సంతకం పడింది.

కాగితం పట్టుకుని ఇద్దరూ తిన్నగా టీ కొట్టుకే వెళ్లారు. భ్రమరాంబ స్టవ్ వెనకున్న డబ్బా లాగి మూత తీసింది. లోపల పసుప్పచ్చని పొడి.

"ఇదేటి, నజీరన్నా?"

నజీర్ గరిట కింద పెట్టేశాడు.

"నానే బావా. పంచదార ఎయ్యొద్దని సెల్లెమ్మ ఒట్టేయించుకుంది గదా. రెండ్రోజులు సప్పటి టీ పోసినాను. నీ మొకం వాడిపోయింది, సూడలేకపోయినాను. దగ్గొస్తే మా దాదీ అతిమధురం పెట్టేది. సెట్టు ఏరే గదా, ఏటవుద్దిలే అనుకున్నాను. గ్లాసుకి సెంచాడేసినాను. నువ్వేమో 'అబ్బా, ఏం టీ బావా' అన్నావు. ఆ మాటకి పొంగిపోయి, మర్నాటి నుంచి రెండు సెంచాలేసినాను."