దర్జీగారి నడుము కొలత

దర్జీ దృష్టిలో లోకం మొత్తం మీద లావుగా ఉన్నది వాళ్లక్క ఒక్కతే. చిన్నప్పటి నుంచీ ఆవిణ్ని ఆటపట్టించనిదే ఆయనకి పొద్దుపోదు. అక్కకి తుంటి, తొడలు అచ్చం అమ్మ పోలిక. ఆవిడ లేస్తే కుర్చీ కూడా వెంట లేచేది. ఆయనకేమో పుల్లల్లాంటి కాళ్లూ చేతులూ, కుండ బోర్లించినట్టు నాన్న పొట్ట. అయినా ఆయన లెక్కలో ఆ పొట్ట లేనట్టే. పెళ్లినాటి నుంచీ తన ప్యాంటు నడుము ముప్పైరెండే కుట్టుకుంటున్నాడు మరి. పొట్ట పెరిగిన కొద్దీ ప్యాంటు కిందికి జారిందే తప్ప కొలత మారలేదు.

నాన్న కూడా దర్జీయే. షుగర్ కళ్ల మీదికి వచ్చి, చివరికి సూదిలో దారం ఎక్కించలేక కొడుకు చేతికిచ్చేవాడు. ఆ సూది గుర్తొస్తే దర్జీకి ఇప్పటికీ గుండె జారిపోతుంది. నాన్న తర్వాత వంతు లావుపాటి అక్కదేనని ఆయన నమ్మకం. అందుకే బతిమాలీ కోప్పడీ, మేనకోడలు నర్సుగా ఉన్న క్లినిక్‌కి ఆవిణ్ని లాక్కెళ్లాడు.

ఇద్దరికీ రక్తం తీసి, మేనకోడలు టేపు పట్టుకుంది. "ముందు నువ్వు రా మామయ్యా."

టేపు కనబడగానే దర్జీ ఊపిరి బిగబట్టాడు. పొట్ట మాయమైపోయింది. బిగబట్టే కస్టమర్లని ఆయనెంతమందిని చూడలేదు. వాళ్లని ఏదో ఒకటి అడిగి, జవాబు కోసం నోరు తెరవగానే టేపు బిగిస్తాడు. ఆ పిల్ల చిన్నప్పుడు కొట్లో ఆడుకుంటూ ఇదంతా చూసిందన్న సంగతి ఆయన మర్చిపోయాడు.

"మామయ్యా, అమ్మ చిన్నప్పుడు ఎలా ఉండేది?"

ఇలాంటి అవకాశం ఆయన వదులుకుంటాడా? "మీ అమ్మా? రిక్షావాడు చూసి పారిపోయేవాడు" అన్నాడు. పొట్ట దబ్బున బయటపడింది. మేనకోడలు అంకె రాసేసుకుంది.

"అక్కడ కాదే కొలిచేది. ప్యాంటు ఉన్నచోట కొలవాలి."

"బొడ్డు మీంచి కొలవాలి మామయ్యా. నేను కుట్టేది ప్యాంటు కాదు."

కాసేపటికి ఫలితాలొచ్చాయి. అక్కకి షుగర్ లేదు. ఆయనకి ఉంది.

"తారుమారయ్యుంటాయి, మళ్లీ చూడు" అన్నాడు దర్జీ.

"రెండుసార్లు చూశాను. కొవ్వు ఎంతుందన్నదే కాదు, ఎక్కడ చేరిందన్నదీ ముఖ్యమే. అది చాలావరకు పుట్టుకతో వచ్చేదే. అమ్మది అమ్మమ్మ పోలిక, తొడల్లో తన మానాన తను పడి ఉంది. నీది తాతయ్య పోలిక, లివర్ పక్కనే కాపురం పెట్టింది."

"అయితే తప్పు నాన్నదన్నమాట."

"తాతయ్యదే అనుకో. నడవాల్సింది మాత్రం నువ్వు."

అక్కతో కొట్టుకి తిరిగొచ్చి దర్జీ ముందుగా సూది అందుకున్నాడు. దారం దూరింది. అయినా కళ్లు చెమర్చాయి.

"భయంగా ఉందక్కా" అన్నాడు.

ఇన్నేళ్ల వెక్కిరింతలకి బాకీ తీర్చుకోవాలంటే అక్కకి ఇదే సమయం. ఆవిడ మాత్రం కుర్చీలోంచి లేచి, దాన్ని వదిలించుకుని, మేకుకి ఉన్న టేపు తీసింది.

"రేపట్నుంచి నాతో నడకకి వస్తున్నావు. ఆ జారే ప్యాంటుతో నడిస్తే నా పరువు పోతుంది. కొత్తది కుట్టుకో. నుంచో, కొలుస్తాను."

బొడ్డు మీంచి టేపు చుట్టి, ఏదో అడగడానికి నోరు తెరిచింది. అడగకముందే దర్జీ ఊపిరంతా వదిలేశాడు.

"అంకె మాత్రం మెల్లిగా చదువక్కా" అన్నాడు. "బయట కస్టమర్లున్నారు."